విండో పెట్టెకు ఫిల్మ్ ఉండాలా, అక్కర్లేదా?

అమెరికాకు కొత్తగా వచ్చిన మనవాళ్లలో, ఇంటి వంటగదిలో చేసిన పూతరేకులో అరిసెలో జంతికలో అమ్ముదామనుకునేవారు, చేతితో చేసిన సబ్బులనో ఊరి నుంచి తెప్పించిన కొండపల్లి బొమ్మలనో వారాంతపు సంతలో పెడదామనుకునేవారు నన్ను తరచుగా అడిగే సందేహం ఒకటుంది. లోపలి సరుకు కనబడేలా అట్టపెట్టెకు విండో పెట్టించాలని అందరూ నిశ్చయించుకునే వస్తారు. ఆ విండోకు పారదర్శకమైన ఫిల్మ్ అంటించాలా, లేక కోసిన రంధ్రాన్ని అలాగే వదిలేయాలా అన్నదగ్గరే ఆగిపోతారు. టెక్సాస్‌లో స్థిరపడి, ఈ చిన్న వ్యాపారాలను దగ్గర నుంచి చూస్తున్నదానిగా నాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాను.

అంతకన్నా ముందు ఒక మాట. హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబసభ్యులకు ఇచ్చే హెచ్-4 వీసా మీద ఉండి పని అనుమతి పత్రం, అంటే ఈఏడీ, చేతికి రానివారు పెట్టెల ఆలోచన అక్కడితో ఆపాలి. ఇంట్లో చేసి ఇరుగుపొరుగుకు అమ్మినా అది పనే అవుతుంది. చదువుకోవడానికి ఎఫ్-1 మీద వచ్చినవారు కూడా న్యాయవాదిని అడగకుండా అమ్మకానికి దిగవద్దు. ఇక అనుమతి ఉన్నవారి సంగతి చూద్దాం.

ఫిల్మ్ అంటించిన విండో ఉంటే సరుకు తాజాగా ఉంటుందని చాలామంది గట్టిగా నమ్ముతారు, ఆ నమ్మకంతోనే పెట్టెకు ఎక్కువ ధర పెడతారు. నిజానికి అట్టపెట్టె ఎప్పుడూ గాలి చొరబడనిది కాదు. మూత మడిచి దూర్చిన చోట, అడుగున రెక్కలు ఒకదానిలో ఒకటి ఇరికించిన చోట, నాలుగు మూలల్లోనూ సన్నని సందులు ఉంటాయి, అట్ట కూడా గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఫిల్మ్ ఆపేది దుమ్మునూ, ఈగనూ, వేలినీ మాత్రమే. తేమను ఆపవలసింది లోపలి కవరు. కావాలంటే మీరే పరీక్షించి చూడండి: ఒకే వాయి జంతికలలో సగం ఫిల్మ్ విండో ఉన్న పెట్టెలో నేరుగా పోయండి, సగం సీలు వేసిన కవరులో పెట్టి విండోకు ఏమీ అంటించని పెట్టెలో ఉంచండి. హ్యూస్టన్ వంటి తేమ ఎక్కువగా ఉండే ఊళ్లో రెండు మూడు రోజులకే మొదటి పెట్టెలోవి కరకర పోయి సాగడం మొదలుపెడతాయి, రెండో పెట్టెలోవి విరిస్తే ఇంకా చప్పుడు చేస్తాయి.

కాబట్టి మొదట వేసుకోవలసిన ప్రశ్న పెట్టె అందం గురించినది కాదు. లోపలి వస్తువుకు తనదంటూ ఒక కవరు ఉందా? అది గాలిని కోరుకునేదా, గాలి తగిలితే చెడేదా? ఈ రెండింటికీ జవాబు దొరికితే విండో సంగతి దాదాపుగా తేలిపోతుంది.

తినే సరుకుతో మొదలుపెడతాను, మనవాళ్లలో ఎక్కువమంది అమ్మేది అదే. ఇంటి వంటగదిలో చేసి అమ్మడానికి ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి. న్యూజెర్సీలో 2021 అక్టోబరు నుంచి మాత్రమే దీనికి అనుమతి పత్రాలు ఇస్తున్నారు, అక్కడ ఏడాది అమ్మకం 50,000 డాలర్లు దాటకూడదు. టెక్సాస్‌లో 2025 సెప్టెంబరు 1 నుంచి ఆ పరిమితిని 1,50,000 డాలర్లకు పెంచారు. టెక్సాస్ చట్టం అడిగే వాటిలో ఒకటి మన ప్రశ్నకు నేరుగా తగులుతుంది: సరుకు కలుషితం కాకుండా ప్యాక్ చేసి ఇవ్వాలి. అంటే కవరు లేకుండా పెట్టెలో నేరుగా పేర్చిన లడ్డూలకు తెరిచి ఉన్న విండో ఎంత ముచ్చటగా ఉన్నా పనికిరాదు. సంతలో బల్ల ముందు నిలబడిన పిల్లవాడి వేలు మొదట వెళ్లేది ఆ రంధ్రంలోకే. అటువంటి సరుకుకు ఫిల్మ్ తప్పనిసరి, మూత మీద ఒక స్టిక్కరు వేసి మూసివేయడం కూడా అవసరమే.

పూతరేకుల విషయంలో కొంచెం ఆగి ఆలోచించాలి. ఆత్రేయపురం రేకు ఎంత పలుచనో మీకు తెలుసు. దానికి తేమ తగిలితే మెత్తబడి చుట్టలా అతుక్కుంటుంది, ఎండ తగిలితే పెళుసై ఒత్తిడికి పొడిపొడి అవుతుంది. వీటికి తెరిచిన విండో వాడితే పెట్టె కదిలించినప్పుడల్లా చక్కెర పొడి, రేకు ముక్కలు బయటికి రాలతాయి. ఫిల్మ్ వాడితే ఆ పొడే ఫిల్మ్ లోపలివైపు అంటుకుంటుంది. ప్లాస్టిక్ ఫిల్మ్‌కు పొడి వాతావరణంలో స్థిర విద్యుత్తు పట్టే గుణం ఉంది, చలికాలంలో ఇంటి హీటరు నడుస్తున్నప్పుడు అది మరీ ఎక్కువ. దుకాణం నుంచి ఇంటికి చేరేసరికి విండో అంతా తెల్లగా మసకబారి, లోపల ఏముందో కనబడదు. దీనికి నాకు తోచిన మంచి మార్గం, ఒక్కో పూతరేకునూ బటర్ పేపరులో మడిచి, వరుసగా పేర్చి, మొత్తాన్ని ఒక పారదర్శకమైన కవరులో సీలు చేసి, తెరిచిన విండో ఉన్న పెట్టెలో దించడం. కొనేవారికి మడతల వరుస కనబడుతుంది, పొడి ఎక్కడికీ పోదు.

పొడి రాలడం చూడటానికి చిన్న విషయంలా ఉన్నా, వేరుశెనగ, నువ్వులు, జీడిపప్పు వాడేవారికి చిన్నది కాదు. అమెరికాలో లేబులు మీద తప్పక రాయవలసిన తొమ్మిది అలర్జీ పదార్థాలలో పాలు, గోధుమ, వేరుశెనగ, జీడిపప్పు వంటి గింజలు ఉన్నాయి. నువ్వులు 2023 జనవరి 1 నుంచి ఆ జాబితాలో చేరాయి. తెరిచిన విండోలోంచి రాలిన పల్లీపట్టి పొడి పక్కనున్న అరిసెల పెట్టె మీద పడితే, ఆ రెండో పెట్టె లేబులు మీద మీరు రాసినది అబద్ధమవుతుంది. అలర్జీ ఉన్న పిల్లల తల్లిదండ్రులు మన మాట మీద నమ్మకంతో కొంటారు. రాలే సరుకును కవరు లేకుండా తెరిచిన విండోలో పెట్టవద్దని నేను ఇంతగా చెప్పడానికి అసలు కారణం ఇదే.

నెయ్యి ఎక్కువగా ఉండే మైసూరుపాకు, సున్నుండల వంటివి ఫిల్మ్‌కు తగలకూడదు. తగిలితే జిడ్డు మరక పడి, పెట్టె పాతదానిలా కనిపిస్తుంది. ముక్కకూ ఫిల్మ్‌కూ మధ్య వేలెడు ఖాళీ ఉండేలా పెట్టె లోతు ఎంచుకోండి. వేడి చల్లారకముందే మూత పెడితే ఫిల్మ్ లోపల ఆవిరి పట్టి, ఆ నీటిచుక్కలు తిరిగి స్వీటు మీదనే పడతాయి, బూజుకు అంతకన్నా అనువైన చోటు ఉండదు. జనవరిలో చల్లబడిన కారులోంచి వెచ్చని ఇంట్లోకి తెచ్చిన పెట్టెకు కూడా చెమ్మ పడుతుంది, కానీ అది బయటివైపు పట్టేది కనుక తుడిస్తే పోతుంది.

వెలుతురు విషయంలో మాత్రం రెండు రకాలకూ తేడా లేదు. మామూలు ఫిల్మ్ ఎండను ఆపదు. నూనెలో వేయించిన సరుకు కిటికీ పక్కన షెల్ఫ్ మీద ఉంటే తెరిచిన విండోలోనైనా, మూసిన విండోలోనైనా పాతబడ్డ నూనె వాసన తొందరగా వస్తుంది. కారప్పొడులకు రంగు వెలిసిపోతుంది. వీటికి విండో చిన్నదిగా పెట్టించండి, లేదా అసలు మానేసి పెట్టె మీద మంచి ఫొటో అచ్చు వేయించండి.

సబ్బుల లెక్క వేరు. కోల్డ్ ప్రాసెస్ పద్ధతిలో, అంటే ఉడకబెట్టకుండా చేసిన సబ్బు నాలుగు నుంచి ఆరు వారాలు ఆరాక కూడా మెల్లగా నీటిని వదులుతూనే ఉంటుంది. దానికి గాలి కావాలి. పైగా కొనేవారు పెట్టెను ముక్కు దగ్గరికి తీసుకుని వాసన చూశాకే డబ్బు తీస్తారు. ఇక్కడ ఫిల్మ్ పెట్టడమంటే అమ్మకాన్ని చేజేతులా అడ్డుకోవడమే. కానీ కరిగించి అచ్చులో పోసే గ్లిజరిన్ సబ్బు దీనికి పూర్తిగా వ్యతిరేకం. అది గాలిలోని తేమను లాక్కుని పైన చెమట పట్టినట్టు చుక్కలు తేలుతుంది. దాన్ని ముందు ఫిల్మ్‌తో బిగుతుగా చుట్టాలి, ఆ తరువాత పెట్టె విండో తెరిచి ఉన్నా నష్టం లేదు.

కొండపల్లి బొమ్మలకు తెల్లపొణికి కర్ర వాడతారు, తేలికగా ఉంటుంది, సన్నని భాగాలు ఇట్టే విరుగుతాయి. తెరిచిన విండోలోంచి ఎడ్లబండి కొమ్ము బయటికి పొడుచుకు వచ్చిందంటే అది ఇల్లు చేరదు. బొమ్మను లోపలి అట్టకు దారంతో కట్టి, విండో అంచు కన్నా వెనక్కు ఉండేలా చూడాలి. ఏటికొప్పాక బొమ్మలది లక్క పూత, నున్నగా ఉంటుంది, వేలితో తాకితే కొనాలనిపిస్తుంది, అందువల్ల వాటికి తెరిచిన విండోయే నా ఎంపిక. ఫిల్మే కావాలనుకుంటే బొమ్మ దానికి ఆనకుండా ఖాళీ ఉంచండి, లక్క వేడికి మెత్తబడేది కదా. మంగళగిరి దుపట్టా వంటి లేతరంగు బట్టలకు మాత్రం తెరిచిన విండో వద్దు. సంతలో పదిమంది చేతులు తాకితే సాయంత్రానికి ఆ చోట మడ్డి చార పడుతుంది.

ఇప్పుడు ఫిల్మ్ దేనితో చేసినదన్నది. ఎక్కువగా దొరికేది పెట్ (నీళ్ల సీసాలకు వాడే ప్లాస్టిక్): గాజులా మెరుస్తుంది, గట్టిగా ఉంటుంది, తేమను బాగానే ఆపుతుంది. మొక్కజొన్న పిండి నుంచి తయారయ్యే పీఎల్ఏ చూడటానికి అంత బాగానే ఉంటుంది, కానీ సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడుతుంది. టెక్సాస్ వేసవిలో ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద ఆ వేడి రావడం కష్టమేమీ కాదు, అప్పుడు విండో ముడతలు పడి ఉబ్బుతుంది. అది మట్టిలో కలిసిపోతుందని అమ్మేవారు చెబుతారు. పారిశ్రామిక కంపోస్టు కేంద్రాల వేడిలోనే అది కుళ్లుతుంది, పెరట్లో గొయ్యి తీసి పాతితే కుళ్లదు. మీ నగరంలో ఆ సేకరణ ఉందో లేదో తెలుసుకోకుండా పెట్టె మీద ఆ మాట అచ్చు వేయించవద్దు. చెక్కగుజ్జు నుంచి చేసే సెల్లోఫేన్ కూడా ఉంది, అయితే పూత వేయని రకం తేమను లోపలికి రానిస్తుంది.

తినే సరుకు తగిలే ఏ ఫిల్మ్‌కైనా, అట్టకైనా ఆహారానికి తగినదని తయారీదారు ఇచ్చే పత్రం అడిగి దగ్గర పెట్టుకోండి. నూనె పీల్చని అట్ట తీసుకునేటప్పుడు పీఎఫ్ఏఎస్ రసాయనాలు లేవని రాతపూర్వకంగా అడగండి. జిడ్డు ఆపడానికి వాటిని వాడిన ఆహార కాగితపు సరుకుల అమ్మకం అమెరికాలో ఆగిపోయిందని అక్కడి ఆహార, ఔషధాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో ప్రకటించింది, కానీ గోదాముల్లో మిగిలిన పాత సరుకో, వేరే దేశం నుంచి వచ్చినదో మీ చేతికి రావచ్చు. హైదరాబాద్ బేగంబజార్ నుంచి మడిచిన పెట్టెలు సూట్‌కేసులో తెచ్చుకునేవారికీ ఇదే చెబుతాను. అవి అందంగానే ఉంటాయి, ధర కూడా తక్కువే, కానీ ఏ ఫిల్మో, ఏ సిరానో చెప్పే కాగితం వాటితో రాదు. లోపల సీలు కవరు ఉంటే వాడండి, నేరుగా సరుకు పెట్టేందుకు వద్దు.

రీసైక్లింగ్ గురించి మనవాళ్లు అనవసరంగా బాధపడతారు. కాగితపు మిల్లులో అట్టను నీళ్లలో నానబెట్టి గుజ్జు చేసినప్పుడు చిన్న ఫిల్మ్ ముక్క జల్లెడలో విడిపోతుంది. మీ నగరం వద్దని చెప్పకపోతే విండో ఒక్కటే అడ్డంకి కాదు, నెయ్యి పీల్చుకున్న అట్టే అసలు అడ్డంకి. విండో తెరిచి ఉన్న పెట్టె పూర్తిగా కాగితమే కనుక కొనేవారికి చెప్పడం తేలిక, అంతవరకే దాని లాభం.

విండో ఎక్కడ ఉండాలో కూడా చూసుకోవాలి. ముందువైపు అంతా విండోయే అయితే లేబులుకు చోటు ఉండదు. నికర బరువును ముందువైపు అడుగు భాగంలోని 30 శాతంలో రాయాలన్నది ఎఫ్‌డీఏ నియమం, అందుచేత ఆ భాగాన్ని అట్టగానే వదిలేయండి. పై వరుస మాత్రమే కనబడేలా విండో పెట్టి, కింద ఖాళీ వదిలే పద్ధతి నాకు అసలు నచ్చదు. ఇంటికి వెళ్లి మూత తీసిన మనిషి మళ్లీ మీ బల్ల దగ్గరికి రాడు, అలాంటి ఖాళీని మోసపూరితమైన ప్యాకింగ్‌గా చట్టం కూడా చూడగలదు. మూల మీదుగా రెండు వైపులకూ తిరిగే విండో చూపుకు బాగుంటుంది కానీ పెట్టె బలం ఉండేది మూలల్లోనే, ఒకదానిపై ఒకటి పేర్చి తీసుకెళ్లేవారు దాని జోలికి పోవద్దు.

ధర గురించి అడుగుతారు కనుక చెబుతున్నాను. తెరిచిన విండోకు అచ్చు కోత, అంటే అట్టను కావలసిన ఆకారంలో కోసే పని, ఒక్కటే ఖర్చు. ఫిల్మ్ అంటించడం మరో యంత్రం మీద చేసే మరో పని, అందుకే ధరతో పాటు కనీస ఆర్డరు సంఖ్య కూడా పెరుగుతుంది. మొదటిసారి ఆర్డరు ఇచ్చేవారు కోత అచ్చు గీయించేటప్పుడే విండోను మడతల నుంచి కనీసం అర అంగుళం లోపలికి జరిపించండి. ఫిల్మ్‌కు జిగురు పట్టడానికి ఆ అంచు కావాలి. అలా గీయించిన అచ్చుతో తొలి విడత పెట్టెలను తెరిచిన విండోతో తీసుకుని, లోపలి సీలు కవరుతో అమ్మి చూడవచ్చు. ఆ తరువాత కవరు వద్దు, సరుకు నేరుగా కనబడాలి అనిపిస్తే, అదే అచ్చుకు ఫిల్మ్ చేర్చమని ముద్రణాలయానికి చెబితే సరిపోతుంది, కొత్త అచ్చుకు మళ్లీ డబ్బు కట్టనక్కర్లేదు.