లాగౌట్ అయ్యాక కూడా కనిపించే మార్కుల మెమో

ప్రశ్న: నేను ఒక డిగ్రీ కళాశాల వెబ్‌సైట్ నిర్వహణ చూస్తున్నాను. విద్యార్థులు నెట్ సెంటర్‌లో మార్కుల మెమో చూసుకుని లాగౌట్ అయి వెళ్లిపోయాక, అదే కంప్యూటర్ ముందు కూర్చున్నవారు బ్యాక్ బటన్ నొక్కితే ముందువారి మార్కులు, ఫోన్ నంబరు కనిపిస్తున్నాయని ఫిర్యాదు వచ్చింది. సర్వర్‌లో సెషన్ (లాగిన్ అయి ఉన్నారన్న గుర్తింపు) సరిగానే రద్దవుతోంది. అన్ని పేజీలకూ ‘కాష్-కంట్రోల్: నో-కాష్’ హెడర్ (పేజీతో పాటు సర్వర్ పంపే సూచన) పెట్టినా ఫలితం లేదు. తప్పు ఎక్కడుంది? ఫలితాల రోజు రద్దీ తట్టుకోవడానికి సీడీఎన్ (సైట్ ప్రతులను తన దగ్గర దాచుకుని, మన సర్వర్ బదులు అందించే సర్వర్ల సేవ) తీసుకోమని సలహా ఇస్తున్నారు, తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: సెషన్ రద్దయిన తర్వాత కూడా పేజీ కనిపిస్తోందంటే అది మీ సర్వర్ పంపినది కాదు; ఆ కంప్యూటర్‌లోనే మిగిలిపోయిన ప్రతిని బ్రౌజర్ తీసి చూపిస్తోంది. అలా దాచిపెట్టుకునే చోటునే కాష్ అంటాం. (‘క్యాష్’ అని రాస్తే నగదు అనుకుంటారని ఇలా రాస్తున్నాను.)

‘నో-కాష్’ అనే పేరు ఎవరు పెట్టారో గానీ, దాన్ని చూసి పొరబడనివారు తక్కువ. దాని అర్థం ‘దాచుకోవద్దు’ అని కాదు, ‘దాచుకో, కానీ మళ్లీ వాడబోయే ముందు సర్వర్‌ను అడుగు’ అని. అడిగితే మీ సర్వర్ ఎలాగూ లాగిన్ పేజీకి పంపేదే కదా అని మీరు అనుకోవడం సబబే, అయితే బ్యాక్ బటన్‌కు ఈ నియమం తప్పనిసరి కాదు. 2022లో వెలువడిన కాషింగ్ ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 9111, గడువు తీరిన పేజీనైనా సరే, వినియోగదారుడు చూసి వచ్చిన పేజీల వరుసలోంచి బ్రౌజర్ ఉన్నదున్నట్టు చూపవచ్చని చెబుతుంది. ‘మాక్స్-ఏజ్=0’ (దాచిన ప్రతికి గడువు సున్నా సెకన్లని) పెట్టినవారు కూడా ఇక్కడే దెబ్బతింటారు.

మీకు కావలసినది ‘నో-స్టోర్’. ఇది ప్రతిని అసలు నిల్వ చేయవద్దని బ్రౌజర్‌కూ, మధ్యలో ఉన్న ప్రతి కాష్‌కూ చెబుతుంది. లాగిన్ తర్వాత వచ్చే పేజీలన్నిటికీ, వాటి వెనుక మార్కులు తెచ్చి ఇచ్చే జేసన్ (డేటా మాత్రమే ఉండే) జవాబులకూ దీన్ని పెట్టండి. కళాశాల లోగోకూ, పేజీ రూపురేఖలు చెప్పే స్టైల్ ఫైళ్లకూ మాత్రం పెట్టవద్దు. ఒక్కో విద్యార్థి ఒక్కో క్లిక్‌కు వాటిని మళ్లీ మళ్లీ దించుకోవలసి వస్తే ఫలితాల రోజున మీ సర్వర్ నడుము విరుగుతుంది.

నో-స్టోర్‌తోనే అంతా అయిపోదు. నేడు పెట్టిన హెడర్ నిన్న నిల్వ అయిన ప్రతిని చెరపదు. అందుకని లాగౌట్ జవాబులో ‘క్లియర్-సైట్-డేటా’ హెడర్ కూడా పంపండి; మీ సైట్ నుంచి దాచుకున్నవి చెరిపేయమని అది బ్రౌజర్‌కు చెబుతుంది. బ్రౌజర్లన్నీ దాన్ని ఒకే తీరుగా పాటించవు కనుక అదనపు కాపుగానే ఎంచండి. ఇక మెమోను పీడీఎఫ్‌గా దించుకున్న విద్యార్థి ఆ ఫైలును డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో వదిలేసి వెళ్తే ఏ హెడరూ ఆదుకోదు. ఆ బటన్ పక్కన ఒక హెచ్చరిక వాక్యం రాయడం ఒక్కటే మన చేతిలో ఉన్నది.

సీడీఎన్ విషయంలో మరింత జాగ్రత్త కావాలి, ఎందుకంటే బ్రౌజర్ కాష్ తప్పు ఒక కంప్యూటర్‌కే పరిమితం, సీడీఎన్ కాష్ తప్పు ఒకరి పేజీని వందలమందికి పంచిపెడుతుంది. 2015 డిసెంబరు 25న స్టీమ్ ఆటల దుకాణానికి జరిగినది ఇదే. దాడి వల్ల పెరిగిన రద్దీని తట్టుకోవడానికి వారి కాషింగ్ భాగస్వామి నియమాలు మార్చినప్పుడు, లాగిన్ అయినవారి పేజీలు కూడా నిల్వ అయి, ఇతరులకు వెళ్లిపోయాయి. సుమారు 34,000 మంది వివరాలు, కొందరి చిరునామా, ఈమెయిల్, కొనుగోళ్ల చరిత్రతో సహా, పరాయివారికి కనిపించి ఉండవచ్చని ఆ సంస్థే ప్రకటించింది. గమనించండి, ఆ మార్పు చేసినది రద్దీ వేళ, హడావుడిలో.

ఇందులో చాలామందికి తెలియని మెలిక ఒకటి ఉంది. లాగిన్ ఆధారాలు మోసే ‘ఆథరైజేషన్’ హెడర్‌తో వచ్చిన అభ్యర్థనకు ఇచ్చే జవాబును, ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప, ఉమ్మడి కాష్‌లు (సీడీఎన్ లాంటి, పలువురికి పంచేవి) నిల్వ చేయకూడదని ప్రమాణంలోనే ఉంది. కుకీతో (లాగిన్ గుర్తుగా బ్రౌజర్ దాచుకుని ప్రతిసారీ పంపే చిన్న సమాచారంతో) లాగిన్ అయ్యే సైట్లకు అలాంటి రక్షణ ఏదీ లేదు. మీది కుకీ సైటే అయి ఉంటుంది కాబట్టి, మీరు నోరు విప్పి చెప్పకపోతే సీడీఎన్‌కు ఆ పేజీ ఒక్కరిదని తెలిసే మార్గం లేదు.

చెప్పినా వినని సీడీఎన్ అమరికలు ఉన్నాయి. చివర ‘.సీఎస్‌ఎస్’ ఉన్న చిరునామా ఏదైనా స్టైల్ ఫైలే అనుకుని, సర్వర్ హెడర్లను పక్కనపెట్టి దాచేసే నియమం వాటిలో ఒకటి. మార్కుల పేజీ చిరునామా చివర ఏటవాలు గీత (/) పెట్టి ఒక ఉత్తుత్తి ‘.సీఎస్‌ఎస్’ పేరు తగిలిస్తే, పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన చాలా సైట్లు ఆ తోకను పట్టించుకోకుండా మార్కుల పేజీనే ఇస్తాయి. అలాంటి లింకును విద్యార్థి చేత నొక్కించి, నిల్వ అయిన ప్రతిని తర్వాత తీరిగ్గా తెరిచి చూసుకునే ఈ పద్ధతిని 2017లో ఓమర్ గిల్ అనే భద్రతా పరిశోధకుడు వెల్లడించారు.

కనుక సీడీఎన్ తీసుకోండి, కానీ లోగోలూ స్టైల్ ఫైళ్లూ ఉన్న ఫోల్డర్‌కే కాషింగ్ పరిమితం చేసి, మిగతా సైట్ అంతటికీ సర్వర్ హెడర్లనే పాటించేలా అమర్చండి. ఫలితాలకు వారం ముందే ఒక విద్యార్థి ఖాతాతో లాగిన్ అయి, ఆ తోక తగిలించిన చిరునామాను సీడీఎన్ మీదుగా తెరవండి. తర్వాత లాగిన్ కాని మరో బ్రౌజర్‌లో అదే చిరునామా తెరిస్తే మార్కులు కనిపించకూడదు.