పాత ఆపరేషన్ వల్ల ఇన్నేండ్లకు పేగు మూసుకుపోతుందా?

అన్నా, మీ నాయనకు అపెండిక్స్ తీసి ఇరవై ఏండ్లు దాటింది, ఇప్పుడు పేగు బ్లాక్ అయింది, దానికి ఆ ఆపరేషనే కారణమంటున్నారు, నమ్మొచ్చా అని అడిగినావు కదా. నమ్మొచ్చన్నా. మా అమ్మకు అట్లనే అయింది. మాది అనంతపురం పక్కన పల్లె, అమ్మకు గర్భసంచి ఎప్పుడో తీసేసినారు, మేమైతే ఆ సంగతే మర్చిపోయినాం.

కడుపు కోసినాక లోపల మానేటప్పుడు పేగులు ఒకదానికొకటి అతుక్కోవడం, సన్న తీగల మాదిరి పొరలు రావడం ఉంటుంది, అడ్‌హెషన్స్ అంటారు. చానామందికి వాటితో ఏ బాధా ఉండదు. కొందరికి మాత్రం ఏండ్లు గడిచినాక పేగు వాటిలో ఇరుక్కుంటుంది, చీనీ తోటలో డ్రిప్ పైపు మెలికపడితే నీళ్ళు ఆగిపోయినట్ల. చిన్నపేగు మూసుకుపోయేది ఎక్కువగా దీనివల్లే. హెర్నియాలో పేగు ఇరుక్కున్నా ఇంతే, అందుకే గజ్జల్లో గడ్డ ఉందేమో కూడా చూస్తారు. మన దేశంలో పేగు టీబీ కూడా ఒక కారణం. పెద్దపేగైతే క్యాన్సర్ గడ్డ, లేకుంటే పేగు మెలి తిరగడం. పసిపిల్లల్లో పేగు పేగులోకి దూరిపోతుంది, అది వేరే కథ.

అమ్మకు నొప్పి అలలు అలలుగా వచ్చేది, పచ్చగా వాంతులు, కడుపు ఉబ్బి గట్టిగా అయింది, గ్యాస్ కూడా పోలేదు. మొదట్లో కొంచెం మోషన్ అయింది, అడ్డం కింద ఉన్నది బయటికి వస్తుంది అంతే, దాన్ని చూసి తగ్గిందనుకోవద్దు. ఇంట్లో పెద్దోళ్ళు ఆముదం తాపుదాం అంటారు, దయచేసి వద్దన్నా, మూసుకున్న పేగును బలంగా కదిలించడం ప్రమాదం.

ఆస్పత్రిలో ముక్కులోంచి ట్యూబ్ వేసి సెలైన్ పెట్టినారు, సంచిలోకి ఆకుపచ్చ నీళ్ళు నిండుతుంటే చూడ్డానికే భయం వేసింది. చుక్క నీళ్ళు ఇయ్యనీయరు, అమ్మ అడుగుతుంటే తడి దూదితో పెదాలు తుడిచినాం. డాక్టర్ వచ్చినప్పుడల్లా ఒకటే ప్రశ్న, గ్యాస్ పోయిందా అని. పోయింది, ఆపరేషన్ లేకుండానే విడిపోయింది. అడ్‌హెషన్స్ అయితే చానాసార్లు ఇట్లనే తగ్గుతుంది, మళ్ళీ కోస్తే మళ్ళీ అతుకులు వస్తాయి కాబట్టి డాక్టర్లు కొంచెం ఆగి చూస్తారు, అది నిర్లక్ష్యం కాదు. కానీ నొప్పి అలలుగా కాకుండా ఆగకుండా ఉన్నా, జ్వరం వచ్చినా, నాడి దడదడా కొట్టుకున్నా పేగుకు రక్తం ఆగిపోతోందేమో, అప్పుడు ఆపరేషన్ అంటే ఒక్క గంట కూడా వెనకాడొద్దు.

తగ్గి ఇంటికొచ్చినాక డిశ్చార్జ్ కాగితం, సీటీ రిపోర్ట్ భద్రంగా పెట్టుకోండి, ఇది మళ్ళీ రావచ్చు, ఈసారి కడుపునొప్పి, వాంతులు అంటే ఏ డాక్టర్‌కైనా ముందు పాత ఆపరేషన్ సంగతి చెప్పండి.