ఈ ఏడాదే కౌన్సెలింగా, వచ్చే నీట్ దాకా ఆగడమా?

విద్యా సలహా: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక. 2024లో ఇంటర్ బైపీసీ పూర్తి చేశాను. ఆ ఏడాది నీట్‌లో 548 మార్కులు వచ్చాయి, ర్యాంకు లక్షన్నరకు దగ్గరగా ఉంది. ఎలాగూ లాంగ్‌టర్మ్‌కు (మళ్లీ నీట్ కోసం ఏడాది కోచింగ్‌కు) వెళ్తున్నాను కదా అని అప్పుడు కౌన్సెలింగ్‌కు దరఖాస్తే చేయలేదు. ఈసారి, 2025లో, 452 మార్కులే వచ్చాయి, ర్యాంకు మాత్రం లక్షా ఇరవై వేల దరిదాపుల్లో ఉంది. దాదాపు వంద మార్కులు తగ్గేసరికి ఇంట్లో అందరం కుంగిపోయాం. కౌన్సెలింగ్ జోలికి పోతే మనసు చెదిరిపోతుందని, ఈ నెలాఖరులోగా మళ్లీ లాంగ్‌టర్మ్‌లో చేరితే ఫీజు తగ్గిస్తామని కోచింగ్ సెంటర్ వారు అంటున్నారు. నాన్నగారు ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపులో పనిచేస్తారు కాబట్టి బీ కేటగిరీ (ప్రైవేటు కాలేజీల్లో ఎక్కువ ఫీజు ఉండే) సీటు మా వల్ల కాదు. మాది బీసీ-డి. చేరితే ఆంధ్రా మెడికల్ కాలేజీలోనే చేరాలని చిన్నప్పటి నుంచి నా కోరిక. దరఖాస్తు ఈ ఏడాదే చేయాలా, వచ్చే ఏడాది నీట్ రాసిన తరువాత చేయాలా?
— ఒక విద్యార్థిని, గాజువాక

జవాబు: అమ్మా, దరఖాస్తు ఈ ఏడాదే చేయండి. మళ్లీ నీట్ రాయాలా వద్దా అన్నది ఈ రోజే తేల్చుకోనవసరం లేదు. కౌన్సెలింగ్‌లో ఏ సీటు వస్తుందో, అసలు వస్తుందో రాదో తెలిసిన తరువాత, దానిని నష్టం లేకుండా వదులుకోవడానికి వీలున్న తేదీలోగా తేల్చుకుంటే చాలు. మీరు ఈ రెండు నిర్ణయాలనూ ఒకటిగా చూస్తున్నందువల్లే ఇంత సతమతమవుతున్నారు. రాష్ట్ర కౌన్సెలింగ్‌కు పేరు నమోదు చేసుకున్నంత మాత్రాన వచ్చే ఏడాది నీట్ రాసే అర్హత ఎక్కడికీ పోదు. నమోదు చేసుకోకపోతే మాత్రం చేతిలో ఉన్న ర్యాంకు ఎందుకూ పనికిరాకుండా పోతుంది, ఎందుకంటే నీట్ స్కోరు ఆ ఏటి ప్రవేశాలకు మాత్రమే చెల్లుతుంది. 2024 ర్యాంకును మీరు పరీక్షించి చూడకుండానే వదిలేశారు. రెండోసారి అలా జరగకూడదు.

ముందు మార్కుల దిగులు సంగతి చూద్దాం. 2024 మార్కులనూ 2025 మార్కులనూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. 2024లో ఫలితాలు సవరించిన తరువాత కూడా 720కి 720 వచ్చిన వారు 17 మంది ఉన్నారు. 2025లో దేశం మొత్తం మీద మొదటి ర్యాంకుకు వచ్చినవే 686 మార్కులు, 650 దాటిన వారు వంద మంది కూడా లేరు. జనరల్ విభాగంలో అర్హత కటాఫ్ 2024లో 162 ఉండగా 2025లో 144కు దిగింది. 2021 నుంచి ప్రశ్నపత్రంలో ఉంటూ వచ్చిన ఐచ్ఛిక ప్రశ్నలను తీసేసి, 180 ప్రశ్నలకు 180 నిమిషాలే ఇచ్చిన పరీక్ష అది. మే 4న ఫిజిక్స్ భాగం మీ సమయాన్ని ఎంత తినేసిందో నేను చెప్పనక్కరలేదు. అందరి మార్కులూ పడిపోయిన ఏడాది మీవి చాలామంది కన్నా తక్కువ పడిపోయాయి, అందుకే ర్యాంకు ముందుకు జరిగింది. పరీక్ష రాసినవారు 23 లక్షల పైనుంచి 22 లక్షలకు తగ్గిన మాట నిజమే గానీ, మీ ర్యాంకు ముప్పై వేలు మెరుగవడానికి అదొక్కటే కారణం కాదు. ఈ ఏడాది మీరు వెనకబడలేదన్న సంగతి ముందు ఇంట్లో పెద్దలకు చెప్పండి, ఎందుకంటే కుంగిపోయి ఉన్న ఇంట్లో సరైన నిర్ణయం జరగడం కష్టం.

లక్షా ఇరవై వేలు అనేది కన్వీనర్ కోటాలో, అంటే రాష్ట్ర కౌన్సెలింగ్‌లో తక్కువ ఫీజుతో ఇచ్చే సీట్లలో, అంచు మీద ఉన్న ర్యాంకు. సీటు ఖాయమని చెప్పేవారినీ, రానే రాదని చెప్పేవారినీ ఇద్దరినీ నమ్మకండి. డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఏ రౌండుకు ఆ రౌండు అలాట్‌మెంట్ జాబితాలను విడుదల చేస్తుంది. 2024 జాబితాలు సంపాదించి, ఆంధ్రా విశ్వవిద్యాలయ ప్రాంతంలో (లోకల్ లెక్కలో మీరు వచ్చే ప్రాంతంలో) బీసీ-డి అమ్మాయిలకు ఒక్కొక్క కాలేజీలో చివరి సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో, మొదటి రౌండుకూ చివరి రౌండుకూ మధ్య అది ఎంత కిందికి దిగిందో ఒక నోటుపుస్తకంలో మీరే రాసుకోండి. రాసేటప్పుడు మార్కుల గడిని చూడనే చూడకండి, ర్యాంకును మాత్రమే చూడండి. ఒక సాయంత్రం పట్టే ఈ పని మీకు ఎవరి ఊహాగానాలకన్నా ఎక్కువ చెబుతుంది.

ఆలిండియా కోటా విషయంలో మీకు పెద్దగా పని లేదు. ప్రభుత్వ కాలేజీల్లోని 15 శాతం సీట్లకు ఎంసీసీ (కేంద్ర మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ) జరిపే ఆ కౌన్సెలింగ్‌లో ఈ ర్యాంకుకు ఎంబీబీఎస్ సీటు ఆశించలేము. అయినా ప్రయత్నించదలిస్తే, రాష్ట్రంలో బీసీ అయినంత మాత్రాన కేంద్ర ఓబీసీ జాబితాలో కులం ఉండి తీరాలని లేదు కాబట్టి, ముందు అది సరిచూసుకుని నాన్ క్రీమీలేయర్ (సంపన్న శ్రేణికి చెందరన్న) ధ్రువపత్రం తీసుకోవాలి.

ఇక వదులుకోవడం గురించి చెబుతాను. మళ్లీ రాయాలనుకునే విద్యార్థులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే కాబట్టి నిదానంగా చదవండి. ఎంసీసీ పద్ధతిలో మొదటి రౌండులో వచ్చిన సీటును ఏమీ నష్టపోకుండా వదిలేయవచ్చు. రెండో రౌండులో వచ్చిన సీటులో చేరకపోతే డిపాజిట్ పోతుంది. చివరన, మిగిలిపోయిన సీట్లకు జరిగే స్ట్రే వేకెన్సీ రౌండులో సీటు కేటాయించాక చేరకపోతే డిపాజిట్‌తో పాటు వచ్చే ఏడాది నీట్ రాసే అవకాశం కూడా పోతుంది. మళ్లీ రాయదలచిన వారికి అంతకన్నా నష్టం మరొకటి లేదు. రాష్ట్ర కౌన్సెలింగ్‌కు నిబంధనలు వేరుగా ఉంటాయి. విశ్వవిద్యాలయం ఏటా ఇచ్చే నోటిఫికేషన్‌లో, ఏ తేదీలోగా మానుకుంటే ఏమీ కట్టనక్కరలేదో, ఆ తరువాత మానుకుంటే ఎంత చెల్లించాలో, తరువాతి ప్రవేశాలకు అనర్హులవుతారో లేదో తెలిపే పేరా ఒకటి ఉంటుంది. ఆ పేరాను నాన్నగారితో కూర్చుని చదివి, ఆ తేదీని క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. మీరు నిర్ణయం తీసుకోవలసిన అసలు గడువు అదే గానీ, కోచింగ్ సెంటర్ వారు చెప్పిన నెలాఖరు కాదు. ఒకవేళ అక్కడ ముందుగానే డబ్బు కట్టక తప్పకపోతే, మీకు సీటు వచ్చి కోచింగ్ మానేస్తే ఎంత తిరిగి ఇస్తారో రసీదు మీద రాయించుకున్న తరువాతే కట్టండి.

మనసు చెదురుతుందన్న మాటకు కూడా జవాబు చెప్పాలి. ధ్రువపత్రాలు అప్‌లోడ్ చేయడం, మెరిట్ లిస్టులో పేరు, కేటగిరీ సరిగా ఉన్నాయో లేదో చూసుకోవడం, వెబ్ ఆప్షన్లు పెట్టడం, ఇవన్నీ ఇంటి నుంచే కొన్ని పూటల్లో అయిపోయే పనులు. మిగతా రోజుల్లో వదిలేసిన అధ్యాయాలు చదువుకోవడానికి అడ్డేమీ లేదు. ఆప్షన్లు మీకు నిజంగా ఇష్టమైన వరుసలోనే పెట్టండి. చేరే ఉద్దేశం లేని కాలేజీని జాబితాలో ఊరికే చేర్చకండి.

ఆంధ్రా మెడికల్ కాలేజీ కోరికను నేను తేలికగా తీసుకోవడం లేదు. 1923 నుంచి నడుస్తున్న కాలేజీలో, దాని బోధనాసుపత్రి కేజీహెచ్ వార్డుల్లో వైద్యం నేర్చుకోవాలనుకోవడం ఎంతో మంచి కోరిక. అయితే అక్కడి 250 సీట్లలో 37, 38 ఆలిండియా కోటాకు పోగా, మిగిలిన వాటికి రాష్ట్రంలో ముందు వరుసలో ఉన్న ర్యాంకుల వారే పోటీపడతారు. లక్షా ఇరవై వేల నుంచి అక్కడికి చేరాలంటే ఒకటి రెండు అధ్యాయాలు మెరుగుపరచుకుంటే సరిపోదు. నా అభిప్రాయం అడిగితే, కన్వీనర్ కోటాలో శ్రీకాకుళంలోనో, విజయనగరంలోనో, రాష్ట్రంలో మరెక్కడైనా సరే, గుర్తింపు పొందిన కాలేజీలో ఎంబీబీఎస్ సీటు వస్తే మూడో ఏడాది కోసం దానిని వదులుకోవద్దు. ఆ సీటు ప్రైవేటు కాలేజీలో వచ్చినా ఫీజు బీ కేటగిరీలా లక్షల్లో కాక వేలల్లో ఉంటుంది కాబట్టి నాన్నగారికి భారం కాదు. ఆంధ్రా మెడికల్ కాలేజీలో పీజీ చదివే అవకాశం నీట్ పీజీ ర్యాంకుతో మళ్లీ మీ ముందుకు వస్తుంది.

ఎంబీబీఎస్ రాక, బీడీఎస్ మాత్రమే వస్తే, లేదా ఏదీ రాకపోతే, అప్పుడు మళ్లీ రాయడం గురించి ఆలోచించాలి. దానికి ఆధారం పట్టుదల ఒక్కటే కాకూడదు. నీట్ నిర్వహించే ఎన్‌టీఏ మీకు పంపిన ఓఎంఆర్ షీటు ప్రతినీ, తుది కీనీ ముందు పెట్టుకుని 180 ప్రశ్నలనూ ఒక్కొక్కటిగా సరిచూడండి. ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత కాబట్టి, 452 మార్కులు 122 సరైన జవాబులతో, 36 తప్పులతో, 22 వదిలేసిన ప్రశ్నలతో రావచ్చు. తప్పు ఒక్కటీ లేకుండా 113 సరైనవి పెట్టి, 67 వదిలేసినా అవే 452 వస్తాయి. మార్కులు ఒకటే అయినా ఈ ఇద్దరు విద్యార్థుల అవసరాలు పూర్తిగా వేరు. మొదటి వారి తప్పుల్లో సగం ఊహించి పెట్టినవైతే, వాటిని ముట్టకుండా ఉంటేనే 18 మార్కులు నిలిచేవి. వారికి కావలసింది నిగ్రహం, లెక్కల సాధన. రెండో వారికి తెలిసింది కచ్చితంగా తెలుసు గానీ సమయమో, సిలబస్సో చాలలేదు. వారికి ఏడాది సమయం నిజంగా పనికొస్తుంది. మీరు తప్పు చేసిన ప్రతి ప్రశ్న పక్కన, చదవని అధ్యాయమా, చదివినా గుర్తు రాలేదా, లెక్క తప్పిందా, ఊహించి పెట్టారా అన్నది రాయండి. చదివి, తిరిగి చదివి, పరీక్షలు రాసిన అధ్యాయాల్లోనే ఎక్కువ తప్పులు కనబడితే, అదే సెంటరులో అదే పద్ధతిలో ఇంకో ఏడాది గడపడం వల్ల ఫలితం మారుతుందని నేను అనుకోను. అలా కాక లోపం ఫిజిక్స్‌లో రెండు మూడు యూనిట్ల దగ్గరే ఉందని తేలితే ధైర్యంగా రాయండి.

బీడీఎస్ విషయంలో ఒక్క మాట. దంతవైద్యం మీద ఇష్టం ఉంటేనే చేరండి. తరువాత మానేసి వస్తాను అనుకుంటూ చేరితే అటు ఫీజూ, ఇటు చదువూ రెండూ సగంలోనే ఆగిపోతాయి. ఇదే నీట్ ర్యాంకుతో పశువైద్యం, ఆయుర్వేదం, హోమియో కోర్సులకు కూడా దరఖాస్తు చేయవచ్చు. వాటికి నోటిఫికేషన్లు విడిగా వస్తాయి కాబట్టి చాలామంది చూసుకోరు. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, మీకు మరీ దూరమేమీ కాదు.

ప్రశ్న: మా అబ్బాయి రెండోసారి నీట్‌కు చదువుతూ, ఏడాది ఖాళీగా కనబడకూడదని ఇక్కడే ఒక డిగ్రీ కాలేజీలో బీఎస్సీలో చేరాడు. వచ్చే ఏడాది మెడిసిన్ దరఖాస్తుకు ఇది అడ్డమవుతుందా? ఎన్నిసార్లు రాశాడో లెక్క చూస్తారా? మధ్యలో కోచింగ్ కోసం హైదరాబాద్ పంపితే లోకల్ హోదా (స్థానిక అభ్యర్థుల సీట్లకు అర్హత) పోతుందా?
— ఒక తండ్రి, పెందుర్తి

జవాబు: నీట్ ఇన్నిసార్లే రాయాలన్న పరిమితి లేదు, 2022 నుంచి గరిష్ఠ వయోపరిమితి కూడా లేదు. ప్రవేశాలు ర్యాంకు మీదే జరుగుతాయి గనుక మధ్యలో ఖాళీ ఏడాది ఉందా లేదా అని ఎవరూ అడగరు. ఆ భయంతోనే అయితే డిగ్రీలో చేరనక్కరలేదు. ఇంటర్మీడియట్‌తో ముగిసే నాలుగు వరుస విద్యా సంవత్సరాలు ఎక్కడ చదివాడన్న దాని మీద లోకల్ హోదా ఆధారపడుతుంది కాబట్టి, ఇంటర్ తరువాత కోచింగ్ ఎక్కడ తీసుకున్నా అది మారదు. మీరు జాగ్రత్తపడవలసింది ఒరిజినల్ ధ్రువపత్రాల విషయంలో. పదో తరగతి, ఇంటర్ మెమోలు, టీసీ డిగ్రీ కాలేజీలో ఉండిపోతే, అవి తమ వద్ద ఉన్నాయని ఆ కాలేజీ రాసి ఇచ్చే పత్రాన్ని ఎంసీసీ కౌన్సెలింగ్‌లో అంగీకరించరు, రిపోర్టింగ్ గడువులోగా అసలు పత్రాలే చూపాలి. వాటిని వెనక్కి ఇవ్వడానికి ఎన్ని రోజులు పడుతుందో, పూర్తి కోర్సు ఫీజు కడితేనే ఇస్తామన్న షరతు ఏదైనా ఉందో లేదో ప్రిన్సిపాల్‌ను ఇప్పుడే అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి.