వీఏ అప్పీలుకు వెళ్తున్న మేనకోడలికి

చి. అమ్మలూకి మామయ్య ఆశీస్సులు.

నీ క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్‌కి, అదే ఆ ఎంతకీ తీరని అలసట జబ్బుకి, వేసిన వైకల్య పరిహారం క్లెయిమ్ వీఏ (అమెరికా మాజీ సైనికుల శాఖ) వాళ్ళు కొట్టేశారనీ, నువ్వు ఎవరి సాయమూ లేకుండా అప్పీలు వేస్తానంటున్నావనీ మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. ఊరుకోనన్నందుకు గర్వంగా ఉంది. ఒక్కదాన్నే చూసుకుంటానన్నందుకు మాత్రం రాత్రి నిద్ర పట్టలేదు. మంచం దిగడానికే ఓపిక లేనిదానివి, ఆ కాగితాలన్నీ ఎవరు నింపుతారే?

ముందు ఆ పంతం వదులు. డీఏవీ, అమెరికన్ లీజియన్, వీఎఫ్‌డబ్ల్యూ లాంటి మాజీ సైనికుల సంఘాల్లో ఎవరైనా సరే, వీఏ గుర్తింపు ఉన్న ప్రతినిధిని పెట్టుకో. పైసా తీసుకోరు. డబ్బు కడితే వంద శాతం వైకల్యం రేటింగ్ ఇప్పిస్తామని ఫోన్లు చేసేవాళ్ళ జోలికి పోకు. నీ ఫైలు మొత్తం తెప్పించుకుని, పరీక్ష చేసిన డాక్టరు రిపోర్టు అక్షరం వదలకుండా చదువు.

సర్వీసు రికార్డుల్లో ఈ జబ్బు ఊసే లేదని కొట్టేశారట. దానికి బెంగపడకు. 1990 ఆగస్టు 2 నుంచి ఆ గల్ఫ్ ప్రాంతంలో పనిచేసిన వాళ్ళకి ఈ జబ్బు వస్తే, సర్వీసు వల్లే వచ్చిందని చట్టమే అనుకుంటుంది. నువ్వు కువైట్‌లో ఉన్నావు, అది చాలు. 2022లో వచ్చిన పాక్ట్ చట్టం గడువునూ తీసేసింది. ఎప్పుడు బయటపడినా లెక్కే. నువ్వు చూపించాల్సింది జబ్బు ఉందని, అది నిన్ను ఎంత కూలదోసిందని.

ఉందనడానికి వీఏకి తన కొలత ఉంది. ఆర్నెల్ల పాటు నీ మామూలు పనుల్లో సగం కూడా చేయలేనంత నీరసం ఉండాలి. థైరాయిడ్, రక్తహీనత లాంటి వేరే కారణాలు లేవని పరీక్షల్లో తేలాలి. పది లక్షణాల జాబితాలో ఆరైనా ఉండాలి. ఒళ్ళు నొప్పులు, కొత్తరకం తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, మాట మధ్యలో మర్చిపోవడం, శ్రమపడ్డాక 24 గంటలు దాటినా తీరని అలసట, ఇవన్నీ అందులోవే. మీ డాక్టరు చేత ఒక్కొక్కటీ పేరుపెట్టి రాయించు. "పేషెంట్ అలసటగా ఉందంటోంది" అన్న ఒక్క వాక్యం ఎందుకూ కొరగాదు.

ఇప్పుడు నాకు అసలు భయం ఉన్నచోటికి వస్తాను.

నాతో 91లో ఆ ఎడారిలో పనిచేసిన సార్జెంట్ ఒకాయన ఉన్నాడు. ఇదే జబ్బు. వీఏ పరీక్షకి వెళ్ళాలని ముందు నాలుగు రోజులు మంచం మీదే ఉండి ఓపిక కూడబెట్టుకున్నాడు. ఆ పొద్దున గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, బూట్లు తళతళలాడేలా తుడుచుకుని వెళ్ళాడు. ఎలా ఉన్నారంటే బాగానే ఉన్నానన్నాడు. ఇంటి పనులు చేసుకుంటారా అంటే చేసుకుంటానన్నాడు. పెరట్లో గడ్డి కోస్తారా? కోస్తాను. ఒక్కటీ అబద్ధం కాదు. కోసి వచ్చాక మూడు రోజులు కర్టెన్లు మూసుకుని చీకట్లో పడుంటాడని వాళ్ళు అడగలేదు, ఈయన చెప్పలేదు. ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పకుండా సోఫాలో పడ్డవాడు మళ్ళీ వారానికి గానీ లేవలేదు. రిపోర్టులో మాత్రం శుభ్రంగా ఉన్నారు, చురుగ్గా జవాబులిచ్చారు, పనులన్నీ స్వయంగా చేసుకుంటున్నారు అని ఉంది. క్లెయిమ్ పోయింది.

కోపంతో హయ్యర్ లెవల్ రివ్యూ, అంటే పై అధికారి చేత మళ్ళీ చూపించడం, అడిగాడు. అందులో కొత్త సాక్ష్యం తీసుకోరు. అదే రిపోర్టు మళ్ళీ చదివి అదే మాట చెప్పారు. విసిగిపోయి ఉత్తరాన్ని సొరుగులో పడేశాడు, ఏడాది దాటిపోయింది.

ఆ తర్వాత ఆయన భార్య నా దగ్గరికొచ్చింది, చేతిలో మందుల షాపు వాళ్ళిచ్చిన గోడ క్యాలెండరుతో. ఎర్ర పెన్నుతో గీతలు. 14న చర్చికి వెళ్ళాం. 15, 16, 17 మంచం. 22న మనవడి పుట్టినరోజు. 23 నుంచి 27 దాకా మంచం. నెల తర్వాత నెల అంతే. ఆమె చేత వాంగ్మూలం రాయించి, డాక్టరు రిపోర్టు జతచేసి సప్లిమెంటల్ క్లెయిమ్, అంటే కొత్త సాక్ష్యంతో మళ్ళీ వేసేది, వేశాం. 60 శాతం వచ్చింది. కానీ నిర్ణయం వచ్చిన ఏడాదిలోపు వెయ్యలేదు కాబట్టి మొదటి క్లెయిమ్ తేదీ పోయింది, దాంతో అప్పటినుంచి రావాల్సిన బకాయిలూ పోయాయి. ఆ ఇంటికి ఆ డబ్బు ఎంత అవసరమో నాకు తెలుసమ్మా.

నువ్వూ అచ్చం అంతే. పోయిన సంక్రాంతికి మీ అమ్మతో సమానంగా కూర్చుని అరిసెలు వత్తావు. అందరూ మెచ్చుకున్నారు, నేనూ మెచ్చుకున్నాను. తర్వాత నాలుగు రోజులు నువ్వు తిండికి కూడా లేవలేదని మీ అమ్మ చెప్తేగానీ తెలియలేదు. ఎందుకు దాచావు? మాకు బరువవుతావనా? పిచ్చిదానా. ఒంట్లో బాగోలేదని చెప్పుకోకూడదని మన ఇళ్ళలో ఆడపిల్లలకి నూరిపోశాం, ఆపైన మిలిటరీ ఇంకో పొర కట్టింది. పరీక్ష గదిలో ఆ రెండూ పక్కన పెట్టు. ఏదైనా చేస్తావా అని అడిగితే, చేశాక ఏమవుతుందో కూడా చెప్పు. మంచి రోజు గురించి ఒక్కదాని గురించే చెప్పి ఆగకు. వీలైతే మీ ఆయన్ని వెంట తీసుకెళ్ళు.

నువ్వు వెయ్యాల్సిందీ సప్లిమెంటలే, 20-0995 ఫారం. కొత్త సాక్ష్యం నీ దగ్గరుంది. బహుశా మళ్ళీ పరీక్షకి పిలుస్తారు, అందుకే ఇంత గోల పెడుతున్నాను. వీఏ అప్పీళ్ళ బోర్డు దాకా వెళ్ళడం తర్వాత చూద్దాం, అక్కడ ఆలస్యం ఎక్కువ.

వైకల్యం శాతం రెండు దారుల్లో లెక్కేస్తారు. ఏడాదిలో ఎన్ని వారాలు మంచాన పడ్డావన్నది ఒకటి. అయితే డాక్టరు విశ్రాంతీ చికిత్సా రాసిచ్చిన రోజులే అందులో లెక్క. ఇంట్లో నీ అంతట నువ్వు పడుకున్నవి పోయినట్టే. అందుకే మరీ కుదేలైనప్పుడు డాక్టరుకి ఫోన్ చేసి, ఆయన చెప్పిన విశ్రాంతి రికార్డులోకి ఎక్కేలా చూసుకో. రెండోది, జబ్బుకి ముందు చేసిన పనుల్లో ఇప్పుడు ఎంత చేయగలుగుతున్నావన్నది. దాదాపు ఎప్పుడూ వదలని అలసట ఉండి, సగం కంటే తగ్గితే 60 శాతం. దీనికి ఇంట్లోవాళ్ళ మాట బాగా పనికొస్తుంది. మీ ఆయన చేత 21-10210 ఫారంలో రాయించు. స్నానాల గదిలో కుర్చీ ఎందుకు వేశారో, కూర కలుపుతూ స్టవ్ ముందు నేలమీద ఎందుకు కూర్చుండిపోతావో, అవే రాయమను. పెద్ద మాటలు అక్కర్లేదు.

ఇదంతా ఒక్క రోజులో పెట్టుకోకు. రోజుకి ఒక్క కాగితం చాలు. చదివే ఓపిక లేకపోతే ఫైలు నాకు పంపు, నేను చదివి ఫోన్లో చెప్తాను. ఖాళీగానే ఉన్నాను.

ఆ నిర్ణయం ఉత్తరం మొదటి పేజీ ఫోటో తీసి ఇవాళే వాట్సాప్‌లో పెట్టు. దానిమీద తేదీ చూస్తేగానీ నాకు కుదురుండదు.

మీ మామయ్య