పాతింటి గోడకి సిమెంటు వద్దమ్మా

చిరంజీవి బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

వన్‌టౌన్‌లో తాతగారి ఇల్లు పడగొట్టకుండా బాగుచేయిస్తున్నావని మీ నాన్న చెప్పాడు. ఎంత సంతోషమేసిందో! ఈ వారంలోనే సిమెంటు బస్తాలు దిగుతున్నాయని కూడా చెప్పాడు. అప్పట్నించీ నాకు నిద్ర లేదు.

పైకప్పు కారడం ముందు ఆపించు. గోడల్లో మొలిచిన రావి మొక్కల్ని వేళ్లతో సహా తీయించు. ఇవి నీకు తెలిసినవే.

గోడ సంగతి వేరు. అవి చేత్తో అచ్చుపోసి బట్టీలో కాల్చిన ఇటుకలు. పైపెంకు గట్టిదైనా లోపల మెత్తన. ఊడిపోయిన ఇటుక ఒకటి బాగా ఎండబెట్టి తూచు. 24 గంటలు నీళ్లలో నానేసి మళ్లీ తూచు. ఇప్పటి మామూలు ఇటుక పీల్చే నీరు దాని బరువులో 20 శాతం దాటకూడదని ఇటుకల భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 1077 చెబుతుంది. మనది దాటినా కంగారుపడకు. పీల్చిన చెమ్మ సున్నపు గార గుండా బయటికి పోతుంది.

మా మేనత్తగారింట్లో ఆ దారే మూసేశారు. సముద్రం పక్క వీధి. గార రాలుతోందని ఒక కాంట్రాక్టరు మొత్తం పీకించి సిమెంటు పూయించాడు. ఏడాదిపాటు నున్నగా ఉంది, చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు. రెండో వానాకాలం దాటేసరికి గోడ తడితే డొల్ల చప్పుడు. పెచ్చు లాగితే ఇటుక పైపెంకు కూడా దానికే అంటుకుని వచ్చేసింది. వెనక తెల్లటి ఉప్పు, ఎర్రటి పొడి. వేలు పెడితే దిగిపోయింది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు కరుగుతుంది, తగ్గితే గడ్డకడుతుంది. మన విశాఖలో అది తరచూ జరిగేదే. గడ్డకట్టినప్పుడల్లా ఇటుకని లోపల్నించి పగలగొడుతుంది. అత్త మంచం ఆ గోడకే ఆనించి ఉండేది. తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

అంచేత ఇటుకల మధ్య సందుల్లో కోత గ్రైండరు పెట్టనివ్వకు, ఉలితో నెమ్మదిగా గీకించు. సున్నం, ఇసుక, ఇటుక పొడి కలిపి నింపించు. ఆ ముద్ద ఇటుకకంటే మెత్తగా ఉండాలి, పాడైతే అదే పాడవ్వాలి. పొంగిన ఉప్పుని పొడి బ్రష్‌తో దులిపించు. కడిగితే కరిగి మళ్లీ లోపలికే పోతుంది. ప్లాస్టిక్ పెయింటు వద్దు, వెల్ల వేయించు. సున్నం త్వరగా గట్టిపడదు, మేస్త్రి తొందరపెడతాడు. వినకు. మొండిదానివని చిన్నప్పుడు ఎన్ని తిట్లు తిట్టానో, ఆ మొండితనం ఇప్పుడు చూపించు తల్లీ.

ఉత్తరం గోడ మధ్యలో ఉబ్బిందట కదా. ఊతకర్రలు పెట్టేదాకా దాని పక్కన ఎవర్నీ పడుకోనివ్వకు, నువ్వు అసలే పడుకోకు. ఆదివారం పొద్దున్నే వచ్చి దారానికి గుండు వేలాడదీసి గోడ ఎంత ఉబ్బిందో నేనే చూస్తాను. బస్తాలు దిగి ఉంటే తిప్పి పంపించెయ్యి.

మీ పెదనాన్న