‘ప్రజలైన మేము’లో జారిపోయిన ‘మ’

సందేహం: నవంబరు 26 వస్తోందని మా బడి గోడ మీద రాజ్యాంగ ప్రవేశిక రాయిస్తున్నాం. పెయింటరు ‘భారత ప్రజలైన మేము’ అని రాశాడు. హెడ్మాస్టరు గారు చూసి ‘ప్రజలమైన’ అని ఉండాలన్నారు. మధ్యలో చోటు లేక పెయింటరు హంసపాదు పెట్టి పైన చిన్న ‘మ’ ఇరికించాడు. దాంతో స్టాఫ్‌రూమ్‌లో రెండు పార్టీలయ్యాం. ఇది చాలదన్నట్టు ఏడో తరగతి పిల్ల ఒకతె, ‘మేము అని ఎందుకు టీచర్, మనం అని రాయొచ్చు కదా?’ అంది. నాకు జవాబు తోచలేదు. అన్నట్టు, స్వాతంత్ర్యమా, స్వాతంత్రమా?
– ఒక టీచరు, హన్మకొండ

సమాధానం: మీ హెడ్మాస్టరు గారి మాటే నిలుస్తుంది. ‘ప్రజలైన’ అన్నవాళ్లను బెంచీ ఎక్కించక్కర్లేదు, ఇవాళ అలా చాలామంది రాస్తున్నారు. కానీ ఆ హంసపాదును మాత్రం చెరపనివ్వకండి.

హన్మకొండ చౌరస్తాలో బస్సు కోసం నిలబడ్డవాళ్లను ‘ఎక్కడోళ్లు మీరు?’ అని అడగండి. ‘మేం పరకాలోళ్లం’ అంటారు. ‘పరకాలోళ్లు’ అంటే ఇంకెవరి గురించో చెబుతున్నట్టు. తేడా చివరి సున్నా ఒక్కటే. వచ్చాను, వచ్చావు, వచ్చాము అని క్రియకు తగిలే ను, వు, ము తెలుగులో నామవాచకానికీ తగులుతాయి. నేను రైతును, నువ్వు రైతువు, మేము రైతులము. బస్సులో ముసలమ్మ పక్కసీటు పిల్లను ‘ఎవలి బిడ్డవు నువ్వు?’ అని అడిగితే ‘బిడ్డ’ పక్కన ఉన్నదీ అలాంటి ‘వు’నే. ‘మీరు’, ‘వాళ్లు’ అన్నప్పుడు మాత్రం ఏమీ తగలదు. మీరు రైతులు, వాళ్లు రైతులు, అంతే.

‘ఐన’ చేరినా ఆ గుర్తు పోదు. పాత ఉత్తరాల్లో ‘అల్పుడనైన నేను’ అని రాసుకునేవారు. ‘ఆడదాన్నైన నేను’ అని ఇప్పటికీ అంటాం. ‘ప్రజలమైన మేము’ కూడా ఆ వరసే. ‘ప్రజలైన’ అనేది మీరు, వారు పక్కన ఇమిడే రూపం. అంటే ‘మ’ తీసేస్తే ఆ మాట మన గురించి ఇంకొకరు అంటున్నట్టు ఉంటుంది.

ఈ ప్రత్యయం మన ప్రాంతంలో ఎక్కడ మోగిందో తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది. ‘నీ బాంచన్ దొరా, కాల్మొక్త.’ బాంచ అంటే బానిస, బాంచను అంటే ‘నేను బానిసను’. ‘కాలు మొక్కుతాను’లోని ‘ను’ మాత్రం జారిపోయింది. వస్త, పోత అన్నట్టు అది మన పలుకుబడి, దాని వెనక లోతైన అర్థం వెతకను. క్రియలో ఆ ‘ను’ లేకపోయినా ఎవరి పనో తెలుస్తుంది. బాంచకు ‘ను’ లేకపోతే బాంచ ఎవరో తెలియదు. 1946 జులై 4న కడవెండిలో దొర మనుషుల తుపాకి గుండుకు ఆంధ్ర మహాసభ కార్యకర్త దొడ్డి కొమరయ్య కూలిపోయాడు. దొరల మీద పోరాడిన ఆ మహాసభను ఆ రోజుల్లో ఊళ్లల్లో ‘సంఘం’ అనేవారు. అప్పటిదాకా బాంచను అన్న నోళ్లే ‘మేం సంఘపోళ్లం’ అన్నాయి. వ్యాకరణం అదే, ‘ను’ పోయి సున్నా వచ్చింది. అలాగని ప్రత్యయానికి పుణ్యం అంటగట్టొద్దు. ‘మేం దొరలం’ అన్నవాళ్లూ ఈ సున్నానే వాడుకున్నారు.

‘ప్రజ’ మాటా అమాయకమైందేం కాదు. సంస్కృతంలో దానికి సంతానం అని అర్థం. ఏలేవాడు తండ్రి, ఏలుబడిలో ఉన్నవాళ్లు బిడ్డలు. ‘నా ప్రజలు’ అని రాజు అనాల్సిన మాట. దానికి ‘ము’ తగిలించి ‘ప్రజలము’ అన్నప్పుడే మాట్లాడేవాడు మారాడు. ఇక్కడ మనకు ఇంకో మెలిక ఉంది. రాజ్యాంగ సభలో హైదరాబాద్ సంస్థానం తరఫున ఒక్క సభ్యుడూ కూర్చోలేదు. 1949 నవంబరులో నిజాం ఫర్మానా ఇచ్చి ఆ రాజ్యాంగాన్ని అంగీకరించాడు. అంటే వరంగల్లోళ్లకు ‘ప్రజలము’ అనే మాట ప్రభువు సంతకం మీదుగా వచ్చింది!

ఇంగ్లీషులో ‘వీ ద పీపుల్’ అంటారు. 1787లో అమెరికావాళ్లు తమ రాజ్యాంగాన్ని అలాగే మొదలుపెట్టారు. ఆ ‘పీపుల్’కు ఏ గుర్తూ తగలదు, పక్కనున్న ‘వీ’నే అంతా మోయాలి. ఆ ‘వీ’లో ఎవరున్నారో మాత్రం పైకి కనబడదు. సీట్ల లెక్కకు బానిసను మనిషిలో అయిదింట మూడు వంతులుగా కట్టింది ఆ రాజ్యాంగమే.

మన సభలోనూ ఈ ‘మేము’ మీద గట్టి చర్చే నడిచింది. 1949 అక్టోబరు 17న హెచ్.వి. కామత్ ప్రవేశికను ‘దేవుని పేరిట’ అని మొదలుపెడదామన్నారు. విశ్వాసంలో, ఆరాధనలో స్వేచ్ఛ ఇస్తామని చెబుతూ మొదటి మాటలోనే అందరి చేతా దేవుణ్ని అనిపించడం ఏం న్యాయమని హృదయనాథ్ కుంజ్రూ లాంటివాళ్లు అడ్డుపడ్డారు. ఓట్లు పెడితే అనుకూలం 41, వ్యతిరేకం 68. కామత్ మాట నెగ్గినా ‘మేము’ ఎక్కడికీ పోయేది కాదు. దేవుణ్ని నమ్మనివాడు మాత్రం ఆ ‘మేము’ను గొంతెత్తి చదవలేకపోయేవాడు.

ఇక మీ ఏడో తరగతి పిల్ల. ముందు ఆ పిల్లకు నా శెభాష్ చెప్పండి. హిందీలో ‘హమ్’ ఒక్కటే, ఇంగ్లీషులో ‘వీ’ ఒక్కటే. వినేవాణ్ని కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము అనే తేడా ఆ భాషల్లో లేదు. కాబట్టి ఇంగ్లీషు ప్రవేశికలో లేని చిక్కు తెలుగు చేసేవాళ్లకు ఎదురైంది. వాళ్లు మేము అన్నారు, సరిగ్గానే అన్నారు. ప్రవేశిక ఒక ప్రకటన. మనలో మనం చెప్పుకునే ముచ్చట కాదు, లోకం వినేలా చెప్పే మాట. పైగా ‘మనం’ కొన్నిసార్లు మాట్లాడేవాణ్ని దాచేస్తుంది. కొత్త మనిషిని ‘మనదే ఊరు?’ అని అడుగుతాం, అక్కడ మనం అంటే మీరే. ‘మనకెందుకు లే’ అన్నప్పుడు జారుకునేది ఎవరో మీకు తెలుసు. అయినా తరగతిలో పిల్లలు తమలో తాము చదువుకునేటప్పుడు ‘ప్రజలమైన మనం’ అనుకుంటే నేనైతే దిద్దను. ‘మ’ ఎటూ ఉంటుంది.

చివరిది చిన్నది. స్వతంత్ర శబ్దానికి ‘య’ చేరి, మొదటి అచ్చు పెరిగి స్వాతంత్ర్యం అయింది. ధీర, ధైర్యం లాగే. ‘స్వాతంత్రం’ ఫ్లెక్సీల మీద పుట్టిన మాట. ‘స్వతంత్ర భారతం’లో మాత్రం య వత్తు పెట్టొద్దు. కొన్ని ప్రవేశిక ప్రతుల్లో స్వాతంత్ర్యానికి బదులు ‘స్వేచ్ఛ’ అనీ కనిపిస్తుంది. స్వ, ఇచ్ఛ కలిస్తే స్వేచ్ఛ, తన ఇష్టం. ఆలోచన, విశ్వాసం, ఆరాధన లాంటివాటి పక్కన నా చెవికి అదే బాగుంటుంది. అయితే మీ గోడ మీద సర్కారు ప్రతిలో ఎలా ఉంటే అలాగే రాయించండి. అది స్వాతంత్ర్యమే అయితే ‘త’ కింద క్రావడికీ, య వత్తుకూ జాగా వదలమని పెయింటరుకు ముందే చెప్పండి. వత్తు మరిచిపోతే హంసపాదుతో పని జరగదు.