షో విండోలో పోస్టర్ తగిలించింది నేను: కేసు పడితే నా మీద పడుతుందా?

సందేహం: మాది అనంతపురం జిల్లా. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చి, ఇక్కడి ఒక మాల్‌లో విదేశీ హ్యాండ్‌బ్యాగుల షోరూమ్‌లో విజువల్ మర్చండైజర్‌గా పనిచేస్తున్నాను. షో విండోలో ఏ బ్యాగు ఎక్కడ ఉండాలి, ఏ పోస్టర్ ఎక్కడ తగిలించాలి అన్నది చూసుకోవడమే నా పని. ఈ సీజన్‌కు పై ఆఫీసు పంపిన పెద్ద పోస్టర్‌లో అరకొర బట్టలతో ఒక అమ్మాయి నేల మీద పడి ఉంటుంది. సూట్లు వేసుకున్న ముగ్గురు మగవాళ్లు చుట్టూ నిలబడి చూస్తుంటారు, ఒకరి బూటు ఆమె జుట్టు మీద ఉంటుంది. బ్యాగు మాత్రం ఒక మూలన చిన్నగా కనిపిస్తుంది. రెండో పోస్టర్‌లో భర్త పర్సు తీస్తుంటే, భార్య ఆయన మోకాళ్ల దగ్గర కూర్చుని బ్యాగు కోసం బతిమాలుతుంటుంది. గత వారం ఒక పెద్దావిడ పోలీసులకు చెబుతానని గొడవపడి వెళ్లారు. కొందరు కస్టమర్లు ఆ బొమ్మ చూపించి నాతోనూ, సేల్స్ అమ్మాయిలతోనూ చెప్పరాని మాటలు అంటున్నారు. మేనేజర్‌కు చెబితే, ఇది ప్రపంచమంతా నడుస్తున్న క్యాంపెయిన్, నీకెందుకు అన్నారు. కేసు పడితే నా మీద పడుతుందా? తగిలించనంటే ఉద్యోగం పోతుందా?
— పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు, బెంగళూరు

సమాధానం: మీ భయానికి ఆధారం ఉంది. అయితే మీరు అనుకుంటున్నంత ప్రమాదం లేదు. మహిళల అసభ్య చిత్రణ (నిషేధ) చట్టం, 1986లోని 3వ సెక్షన్, స్త్రీలను అసభ్యంగా చూపే ప్రకటనను ప్రచురించినవారినే కాక, ప్రచురింపజేసినవారిని, దాని ప్రచురణకు లేదా ప్రదర్శనకు ఏర్పాట్లు చేసినవారిని, అందులో పాలుపంచుకున్నవారిని కూడా నిషేధం పరిధిలోకి తెస్తుంది. కిటికీలో పోస్టర్ తగిలించడం ప్రదర్శనలో పాలుపంచుకోవడమే కాబట్టి, అక్షరార్థంలో ఆ సెక్షన్ మీ దాకా వస్తుంది. కాగితం మీద ముద్రించినది కాదు, లైట్లతో వెలిగే తెర అన్నా తప్పించుకోలేరు, ఎందుకంటే వెలుతురుతో కనబడేలా చేసిన చిత్రాన్ని కూడా ఆ చట్టం ప్రకటనగానే లెక్కిస్తుంది. మొదటిసారి నేరం రుజువైతే రెండేళ్ల వరకు జైలు, 2,000 రూపాయల వరకు జరిమానా ఉంటాయి. ఇది పోలీసులు వారెంటు లేకుండా చర్య తీసుకోగల నేరమే అయినా, బెయిలు హక్కుగా దొరుకుతుంది.

అసలు ఆ పోస్టర్ అసభ్య చిత్రణ అవుతుందా అన్నదే ఇక్కడ ముఖ్యమైన ప్రశ్న, దీని గురించి కొంత వివరంగా చెప్పాలి. ఎంత ఒళ్లు కనిపించింది అన్న కొలతతో చాలామంది ఈ విషయాన్ని తూస్తారు. చట్టం అలా తూయదు. స్త్రీ రూపాన్ని, దేహాన్ని లేదా దేహంలోని ఏ భాగాన్నైనా అసభ్యంగా గాని, స్త్రీలను కించపరిచేలా, హీనపరిచేలా గాని, ప్రజానీతిని చెడగొట్టేలా గాని చూపడాన్ని 2వ సెక్షన్ అసభ్య చిత్రణగా నిర్వచించింది. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా చాలు. అంటే నిండుగా బట్టలు కట్టుకున్న స్త్రీని చూపిస్తూ కూడా ఈ నేరం చేయవచ్చు, బట్టలు లేని దేహాన్ని చూపిస్తూ కూడా చేయకుండా ఉండవచ్చు.

ఈ తేడాను స్పష్టంగా చూపిన తీర్పు అవీక్ సర్కార్ కేసులో 2014లో సుప్రీంకోర్టు ఇచ్చింది. శ్వేతజాతీయుడైన టెన్నిస్ క్రీడాకారుడు బోరిస్ బెకర్, నల్లజాతి మూలాలున్న ఆయన కాబోయే భార్య నగ్నంగా ఉన్న ఫొటోను ఒక జర్మన్ పత్రిక నుంచి తీసుకుని 1993లో కోల్‌కతా పత్రికలు పునర్ముద్రించగా, అశ్లీలత సెక్షన్‌తోపాటు 1986 చట్టం కింద కూడా ఫిర్యాదు దాఖలైంది. నగ్నత్వం ఉన్నంత మాత్రాన బొమ్మ అశ్లీలం కాదని, నేటి సమాజ ప్రమాణాలతో, ఆ చిత్రం చెబుతున్న సందేశంతో కలిపి చూడాలని కోర్టు చెప్పింది. వర్ణ వివక్షకు వ్యతిరేకంగా ఆ జంట ఇచ్చిన సందేశాన్ని పరిగణనలోకి తీసుకుని కేసును కొట్టివేసింది. ఇదే కొలతతో మీ పోస్టర్‌ను చూడండి. అమ్మాయిని నేల మీద పడేసి, జుట్టు మీద బూటు పెట్టి, చుట్టూ మగవాళ్లను నిలబెట్టి తీసిన ఆ చిత్రానికి, అమ్ముతున్న బ్యాగుకు ఏ సంబంధమూ లేదు. అది చెబుతున్నది అణచివేత గురించే, పైగా దాన్ని విలాసంగా, కోరదగినదిగా చూపిస్తోంది. నా అభిప్రాయంలో ‘కించపరిచే, హీనపరిచే’ అన్న భాగానికి ఇది సరిపోతుంది. వేరే న్యాయమూర్తి వేరేలా చూడవచ్చు, కాని వాదించడానికి గట్టి ఆధారం ఉంది. భారతీయ న్యాయ సంహిత 294వ సెక్షన్ కింద అశ్లీలత నేరం రుజువు చేయడం ఇంతకంటే కష్టం, ఎందుకంటే అక్కడ కామోద్రేకం కలిగించే స్వభావాన్ని చూపాల్సి ఉంటుంది.

ఇక్కడే ఇంకొక మాట కూడా చెప్పాలి. 2021లో ఫ్యాషన్ సంస్థ సబ్యసాచి మంగళసూత్రం ప్రకటనలో లోదుస్తులతో ఉన్న స్త్రీని చూపినందుకు పెద్ద దుమారం రేగింది, మధ్యప్రదేశ్ హోం మంత్రి 24 గంటల గడువు పెట్టడంతో సంస్థ ఆ ప్రకటనను ఉపసంహరించుకుంది. అది నేరమని ఏ కోర్టూ తేల్చలేదు. ఆ చిత్రంలో ఎవరూ ఎవరినీ తొక్కలేదు, ఎవరూ హీనంగా లేరు. అటువంటి ప్రకటన మీద ఫిర్యాదు రాసిపెట్టమని ఎవరైనా అడిగితే నేను రాయను. స్త్రీ దేహం కనిపించడాన్నే నేరంగా చూడడం మొదలుపెడితే, ఆ చట్టం చివరికి స్త్రీల మీదికే తిరుగుతుంది.

రెండో పోస్టర్ సంగతి వేరు. మగవాడు సంపాదించేవాడు, ఆడది అడుక్కునేది అన్న మూస భావనను చూపడం మన దేశంలో నేరం కాదు, దానికి పోలీసు స్టేషన్‌కు వెళ్లి ప్రయోజనం లేదు. కాని ప్రకటనల రంగం తనను తాను నియంత్రించుకోవడానికి 1985లో ఏర్పాటు చేసుకున్న అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, హానికరమైన లింగ మూసలపై 2022 జూన్‌లో మార్గదర్శకాలు విడుదల చేసింది. ఆడవారినైనా మగవారినైనా చూసేవారి కామాన్ని రెచ్చగొట్టే వస్తువుగా చూపకూడదని, అమ్మే సరుకుకు సంబంధం లేని చోట అటువంటి చిత్రణ వాడకూడదని అవి చెబుతాయి. తిండి తెచ్చి ఇచ్చే సంస్థ ప్రకటనలో లోదుస్తులతో పడుకున్న స్త్రీని చూపడాన్ని అందులోనే ఉదాహరణగా ఇచ్చారు. 1986 చట్టం స్త్రీలను మాత్రమే రక్షిస్తుంది, ఈ మార్గదర్శకాలు అందరికీ వర్తిస్తాయి. మీ రెండు పోస్టర్లనూ అక్కడ ప్రశ్నించవచ్చు.

ప్రపంచమంతా నడుస్తున్న క్యాంపెయిన్ అన్నది చట్టం ముందు సమాధానమే కాదు. పైగా ఫ్యాషన్‌కు పుట్టిళ్లనదగిన దేశాల్లో కూడా ఇటువంటి బొమ్మలు నిలవలేదు. ఒక పురుషుడు స్త్రీని మణికట్లు పట్టి నేలకు నొక్కిపెట్టగా మిగతావారు చూస్తున్నట్టు డోల్చే అండ్ గబ్బానా 2007లో వేసిన ప్రకటనను ఇటలీ ప్రకటనల నియంత్రణ సంస్థ నిషేధించింది, స్పెయిన్‌లోనూ దాన్ని ఉపసంహరించుకోవలసి వచ్చింది. 2017లో పారిస్ వీధుల్లో సాన్ లోరాన్ పెట్టిన పోస్టర్లను మార్చమని ఫ్రాన్స్ నియంత్రణ సంస్థే కోరింది. మేనేజర్‌కు రాసే ఉత్తరంలో మీరు ఈ రెండింటినీ ప్రస్తావించవచ్చు.

ఇక మీ బాధ్యత సంగతి. కంపెనీ నేరం చేస్తే, ఆ సమయంలో దాని వ్యాపార నిర్వహణకు బాధ్యులైన వారిని కూడా దోషులుగా భావించాలని 7వ సెక్షన్ చెబుతుంది. తమకు తెలియకుండా జరిగిందని గాని, జరగకుండా తగినంత జాగ్రత్త తీసుకున్నామని గాని రుజువు చేసుకుంటే బయటపడవచ్చు. ఇదే రకం మాటలున్న చెక్ బౌన్స్ నిబంధనను వివరిస్తూ, పదవి పేరు చూసి ఎవరినీ ఇరికించకూడదని, వ్యవహారం నిజంగా ఎవరి చేతుల్లో ఉందో చూడాలని సుప్రీంకోర్టు 2005లో ఎస్.ఎం.ఎస్. ఫార్మాస్యూటికల్స్ కేసులో తేల్చింది. బొమ్మను ఎంచుకున్నది మీరు కాదు. మిగిలేది స్వయంగా తగిలించినందుకు 3వ సెక్షన్ కింద వచ్చే చిక్కు. అందుకు మీరు ఈ రోజే చేయవలసిన పని ఒకటుంది. మేనేజర్‌కు, హెచ్‌ఆర్‌కు కలిపి ఒక ఈమెయిల్ రాయండి. పోస్టర్‌లో ఏముందో, అది 1986 చట్టానికి విరుద్ధమని మీకు ఎందుకు అనిపిస్తోందో, కస్టమర్ ఏమని వెళ్లారో, న్యాయ విభాగం చూసి లిఖితపూర్వకంగా చెప్పేవరకు దాన్ని తీసివేయడానికి అనుమతించాలని కోరుతున్నారో నాలుగు వాక్యాల్లో రాస్తే చాలు. నోటితో చెప్పిన అభ్యంతరం రేపు మీకు పనికిరాదు. మీరంతట మీరు పోస్టర్‌ను చించవద్దు. కంపెనీ లోపలి ఉత్తరాలను సోషల్ మీడియాలో పెట్టవద్దు. ఆ ఫొటోను షోరూమ్ ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టమంటే, ఆన్‌లైన్‌లో అశ్లీలమైనవి పెట్టడాన్ని శిక్షించే ఐటీ చట్టం 67వ సెక్షన్ కూడా ఉందని అదే ఈమెయిల్‌లో గుర్తు చేయండి.

ఉద్యోగం విషయంలో, నేరం చేయమన్న ఆదేశం చట్టబద్ధమైన ఆదేశం కాదు. అయితే ఇది నేరమా కాదా అన్నది కోర్టు తేల్చవలసిన విషయం కాబట్టి, ముఖం మీద చేయనని చెప్పేకంటే రాతలో అభ్యంతరం తెలపడమే మీకు క్షేమం. కర్ణాటక దుకాణాలు, వాణిజ్య సంస్థల చట్టం, 1961లోని 39వ సెక్షన్ ప్రకారం, ఆరు నెలలు ఎడతెగకుండా పనిచేసిన ఉద్యోగిని సహేతుకమైన కారణం లేకుండా, నెల రోజుల నోటీసు లేదా జీతం ఇవ్వకుండా తొలగించకూడదు. యాజమాన్య స్థానాల్లో ఉన్నవారికి ఈ చట్టం వర్తించదు, కాని మీరు చెప్పిన పనిని బట్టి మీరు ఆ కోవలోకి రారు. నియామక పత్రంలో మీ విధులు ఎలా రాశారో ఒకసారి చూసుకోండి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది కస్టమర్ల మాటలు. మీరు దాన్ని ఒక్క వాక్యంలో దాటేశారు, కాని మీ చేతిలో ఉన్న బలమైన హక్కు అక్కడే ఉంది. పనిచేసే చోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013లోని 19వ సెక్షన్ ప్రకారం, పని స్థలానికి వచ్చిపోయే బయటివారి నుంచి కూడా ఉద్యోగినులకు రక్షణ కల్పించడం యజమాని బాధ్యత. కస్టమర్ దేవుడు అన్న మాట ఇక్కడ చెల్లదు. ఆ బొమ్మను ఆసరాగా చేసుకుని మీతో అసభ్యంగా మాట్లాడుతున్నారని తెలిసి కూడా దాన్ని అక్కడే ఉంచడం ఆ బాధ్యతను విస్మరించడమే. పది మంది ఉద్యోగులున్నా చాలు, ఇటువంటి ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీ సంస్థలో ఉండి తీరాలి. అంతకంటే తక్కువమంది ఉన్న సంస్థ అయితే జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి. తేదీ, సమయం, అన్న మాట, విన్నవారి పేర్లు ఇప్పటి నుంచే రాసిపెట్టుకోండి. సేల్స్ అమ్మాయిలను కూడా ఎవరి ఫిర్యాదు వారు రాయమనండి.

పోస్టర్ దిగాలంటే దగ్గరి దారి పైన చెప్పిన ప్రకటనల మండలే. వారి వెబ్‌సైట్‌లో ఫొటో, తేదీ, స్థలం, అభ్యంతరం రాసి ఖర్చు లేకుండా ఫిర్యాదు చేయవచ్చు. అది ప్రభుత్వ సంస్థ కాదు, జరిమానా వేయలేదు, కాని పేరున్న కంపెనీలు దాని నిర్ణయాన్ని తేలిగ్గా తీసిపారేయవు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లమని ఎవరైనా చెబితే వినవద్దు, అది సరుకు విషయంలో మోసపోయినవారి కోసం. కర్ణాటక రాష్ట్ర మహిళా కమిషన్‌కు కూడా ఒక ప్రతి పంపవచ్చు.

పోలీసు కేసును మీరే మొదలుపెట్టాలని నేను చెప్పను. 1995లో మిలింద్ సోమన్, మధు సప్రే ఒంటి మీద బూట్లు, కొండచిలువ తప్ప ఏమీ లేకుండా కనిపించిన టఫ్స్ బూట్ల ప్రకటన కేసు ముంబయి కోర్టులో 14 ఏళ్లు నడిచి, 2009లో నిర్దోషులన్న తీర్పుతో ముగిసింది. అంతకాలం ఏ పోస్టరూ కిటికీలో ఉండదు, కాని సాక్షిగా మీరు వాయిదాలకు తిరగాల్సి వస్తుంది. ఆ పెద్దావిడే ఫిర్యాదు చేసి పోలీసులు మీ దగ్గరికి వస్తే, ఇటువంటి నేరాల్లో సాధారణంగా భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 35వ సెక్షన్ కింద హాజరు కమ్మని నోటీసు ఇస్తారు. నోటీసు తీసుకుని సంతకం చేయండి, చెప్పిన రోజున న్యాయవాదితో కలిసి వెళ్లండి, మీరు పంపిన ఈమెయిల్ ప్రింటును, పోస్టర్‌ను పై ఆఫీసు పంపినట్టు చూపే కాగితాన్ని వెంట తీసుకెళ్లండి.